మలేరియా స్లైడు తీయడం, చదవడం ఎలా

మాది ఒడిశాలో గుణుపూర్ దగ్గర, రాయగడ జిల్లా. 28 ఏళ్లుగా ల్యాబ్ పనే నాది. ఈ మధ్య కొత్తగా చేరిన పిల్లలు కిట్ టెస్టు (రక్తపు బొట్టుతో అక్కడికక్కడే ఫలితం చూపించేది) ఒక్కటి చేసేసి, గాజు స్లైడు మీద రక్తం పరిచి మైక్రోస్కోప్‌లో చూడడం మానేస్తున్నారు, అది చూస్తే బాధేస్తుంది, అందుకే రాస్తున్నా. కిట్ మంచిదే, కొండ ఊళ్లలో ఆశా వర్కర్ల చేతికి అది రావడం పెద్ద మేలు. కానీ ఫాల్సిపారం (మలేరియాలో ప్రమాదకరమైన రకం) పట్టే కిట్ మందు వేశాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపించగలదు, రక్తంలో పారసైట్లు (మలేరియా క్రిములు) ఎన్ని ఉన్నాయో చెప్పదు. అది స్లైడు చూస్తేనే తెలుస్తుంది.

ముందు పేషెంటుతో వాళ్ల మాటలో, ఒడియానో సవరో, రెండు ముక్కలు మాట్లాడండి, చెయ్యి బిగబట్టకుండా ఇస్తారు. ఉంగరం వేలు స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాకే గుచ్చాలి. మొదటి బొట్టు తుడిచెయ్యండి. ఒకే స్లైడు మీద థిక్ (రక్తం మందంగా పరిచిన మచ్చ), థిన్ (పల్చగా సాగదీసిన పొర) రెండూ వెయ్యండి. థిక్‌కి రెండు మూడు బొట్లు పెట్టి ఇంకో స్లైడు మూలతో సుమారు సెంటీమీటరు వెడల్పున గుండ్రంగా కలపండి, దాని కింద పేపరు పెడితే అక్షరాలు కనపడీ కనపడనట్టు ఉండాలి, అదే సరైన మందం.

వానాకాలంలో ఆరడానికి చాలా టైం పడుతుంది, అలాగని ఎండలోనో దీపం దగ్గరో పెట్టకండి, వేడికి థిక్ ఫిక్స్ అయిపోతుంది, అంటే కణాలు గట్టిపడి తర్వాత పగలవు. ఈగలు, చీమలు రక్తం తినేస్తాయి, మూతేసి ఉంచండి.

ఇక మెథనాల్ (కణాల్ని ఫిక్స్ చేసే ద్రవం) థిన్‌కే, థిక్‌కి తగలకూడదు. ఎందుకంటే తర్వాత వేసే స్టెయిన్‌లో (పారసైట్లకి రంగు పట్టించే మందు) ఉన్న నీళ్లకి థిక్‌లోని ఎర్ర కణాలు పగిలి కరిగిపోతేనే పారసైట్లు బయటపడతాయి. చేరిన కొత్తల్లో ఒకసారి నేను స్లైడు మొత్తం మెథనాల్‌లో ముంచేశాను. మైక్రోస్కోప్ కింద థిక్ అంతా ఎర్రగా ముద్దలా ఉంది, ఏమీ కనపడలేదు. బయటికి పరిగెత్తేసరికి ఆ తల్లి జ్వరం బిడ్డని ఎత్తుకుని కొండదారి పట్టేసింది, మర్నాడు మనిషిని పంపి మళ్లీ పిలిపించి గుచ్చాల్సొచ్చింది. ఆ బిడ్డ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

స్టెయిన్ పేరు జీమ్సా, అది 10 శాతం అయితే 10-15 నిమిషాలు, 3 శాతం అయితే 30-45, కలిపే నీళ్లు పీహెచ్ 7.2 ఉండాలి. కడిగేటప్పుడు ధార థిక్ మీద నేరుగా పోయకండి, ఊడిపోతుంది.

చదివేది ఆయిల్ వేసి 100 లెన్స్‌తో. థిక్‌లో కనీసం 100 ఫీల్డులు (లెన్స్‌లో ఒకసారికి కనపడే భాగం ఒక ఫీల్డు) చూడకుండా నెగటివ్ రాయొద్దు, బయట ఎంత క్యూ ఉన్నా సరే. రకం తేల్చేది థిన్‌లో: సన్నని రింగులు, ఒక్కో కణంలో రెండు మూడు కూడా, అరటిపండు ఆకారాలు ఉంటే ఫాల్సిపారం, కణం ఉబ్బి లోపల సన్న చుక్కలుంటే ఎక్కువగా వైవాక్స్ అనే ఇంకో రకం. లెక్కకి థిక్‌లో 200 తెల్ల కణాలు లెక్కపెట్టేలోపు ఎన్ని పారసైట్లు వచ్చాయో దాన్ని 40తో గుణించండి, మైక్రోలీటరుకి సుమారు సంఖ్య వస్తుంది.

నెగటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ స్లైడు తీయాలని కాగితం మీద రాసి, నోటితో కూడా చెప్పి పంపండి.