మాన్‌స్టర్ హంటర్‌లో ఏ ఆయుధం పట్టాలి? సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం వైపు పీజీల్లో ఉండే మన తెలుగు కుర్రాళ్ళలో మాన్‌స్టర్ హంటర్ వరల్డ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటారు. పెద్ద పెద్ద మృగాల్ని ఆయుధాలతో వేటాడే ఈ వీడియో గేమ్ 2018లో వచ్చింది. సేల్ పెట్టినప్పుడు తక్కువకే దొరుకుతుంది, ఓ మోస్తరు గేమింగ్ లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. మొదటి వారం తిరిగేసరికి అందరి నోటా ఒకటే మాట: "అన్నా, వెపన్ మార్చెయ్యమంటావా?"

మొత్తం 14 రకాల ఆయుధాలు ఉన్నప్పుడు ఆ అనుమానం రావడం సహజమే. కానీ నేను చూసినంతలో చాలాసార్లు తప్పు ఆయుధంలో ఉండదు. ఆయుధం మన నుంచి కోరే పని ఒకటి, మనం చేసే పని ఇంకొకటి. ఆ రెండూ ఎక్కడ తప్పుతున్నాయో కనిపెడితే, ఉన్నదాన్నే ఉంచుకోవాలో మార్చాలో తేలిపోతుంది. అందుకే కింద ఆయుధాల వారీగా కాకుండా, మీకు ఎదురయ్యే ఇబ్బంది వారీగా రాస్తున్నాను. బటన్లు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పేర్లతో, వివరాలు వరల్డ్ ఆటను బట్టి చెబుతున్నాను.

సమస్య: "గ్రేట్ స్వార్డ్ మీద అటాక్ 384 అని ఉంది, స్వార్డ్ అండ్ షీల్డ్ మీద 112 అని ఉంది. చిన్న కత్తి దండగ కదా?"

దండగ కాదు. దీన్ని ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామంది ఆయుధం ఎంచుకునేదే ఈ అంకె చూసి.

కారణం: వరల్డ్‌లో కనిపించే అటాక్ అంకె అసలు బలం కాదు. ఒక్కో ఆయుధానికి ఒక్కో గుణకం ఉంటుంది, దానితో హెచ్చించి చూపిస్తారు. గ్రేట్ స్వార్డ్‌కి అది 4.8, స్వార్డ్ అండ్ షీల్డ్‌కి 1.4, లాంగ్ స్వార్డ్‌కి 3.3. మొదటి గ్రేట్ స్వార్డ్ 384ని 4.8తో భాగించండి, 80 వస్తుంది. చిన్న కత్తి 112ని 1.4తో భాగించండి, మళ్ళీ 80. మొదటి లాంగ్ స్వార్డ్ మీద కనిపించే 264 కూడా అంతే. ముగ్గురి చేతిలో ఉన్నదీ ఒకటే బలం. తేడా అంతా ఒక్కో దెబ్బకి ఎంత బలం దిగుతుంది, నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయి అన్నదాంట్లోనే ఉంది.

పరిష్కారం: రెండు వేరువేరు రకాల ఆయుధాల అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎప్పుడూ పోల్చకండి. ఒకే రకంలో పాత కత్తి, కొత్త కత్తి పోల్చుకోవడానికి మాత్రమే ఆ అంకె పనికొస్తుంది. ఇదే వరసలో 2021లో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ రైజ్ ఆటలో ఈ గుణకం తీసేసి అసలు అంకెనే చూపించారు, కాబట్టి రెండు ఆటల అంకెల్ని కూడా కలపొద్దు.

సమస్య: "కొట్టిన ప్రతి దెబ్బా గాలిలోకే పోతోంది."

గ్రేట్ స్వార్డ్, హ్యామర్ పట్టినవాళ్ళ మొదటి ఫిర్యాదు ఇదే. కత్తి ఎత్తి దించేలోపు మృగం పక్కకి జరిగిపోతుంది, ఆ ఖాళీలో మనకే దెబ్బ పడుతుంది.

కారణం: మృగం ఇప్పుడు ఎక్కడుందో అక్కడ కొడుతున్నారు. బరువైన ఆయుధంతో అది ఎక్కడ ఆగబోతోందో అక్కడ కొట్టాలి. కదిలిపోయిన బీఎంటీసీ బస్సు వెంట పరుగెత్తే బదులు, ముందు స్టాపులో నిలబడి ఎక్కడం లాంటిది.

పరిష్కారం: గ్రేట్ జాగ్రస్ మీద సాధన చేయండి. మొదట్లోనే వచ్చే పెద్ద మృగం, నెమ్మదస్తురాలు. అది ఆప్టొనాత్ అనే గడ్డి మేసే జంతువుని మింగి పొట్ట ఉబ్బించుకున్నాక మరీ నెమ్మదిస్తుంది. కత్తిని వీపునే ఉంచి దాని పక్కన తిరుగుతూ ఉండండి. గ్రేట్ స్వార్డ్ చేతిలో ఉంటే నడక ఈడ్చినట్టు ఉంటుంది, వీపున ఉంటే మామూలుగా పరుగెత్తొచ్చు. అది ఒళ్ళంతా ఎత్తి నేలకేసి కొడుతుంది చూడండి, ఆ తర్వాత సర్దుకుని లేవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. మీకు కావలసింది ఆ కాస్తే. ఉబ్బిన పొట్ట వైపు వెళ్ళి, స్టిక్ అటు తోస్తూ వై నొక్కి పట్టుకోండి. వేటగాడి ఒంటి మీద మెరుపు ఒక్కో మెట్టుగా పెరుగుతుంది. మూడో మెరుపు రాగానే వేలు వదలండి. ఇంకా పట్టుకుంటే బలం పెరగదు సరికదా, తగ్గుతుంది. దెబ్బ పడగానే ఏ నొక్కి దొర్లండి, ఎక్స్ నొక్కి కత్తి వీపున పెట్టండి, మళ్ళీ చుట్టూ తిరగండి.

చార్జ్ చేస్తుండగా అది మీ వైపు తిరిగితే భయపడి వదిలేయకండి. బి నొక్కితే వేటగాడు భుజంతో ఢీకొడతాడు. అప్పుడు తగిలే దెబ్బ కాస్త తగ్గుతుంది, మీరు కింద పడరు, పైగా అక్కడి నుంచి ఇంకా బలమైన వేటుకి వెళ్ళొచ్చు. ఈ ఒక్క బటన్ తెలియకే చాలామంది గ్రేట్ స్వార్డ్‌ని వదిలేస్తున్నారు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే మృగం కదలికల్ని చదవడం ఇంత చక్కగా నేర్పే ఆయుధం ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఇదంతా చేశాక కూడా ఎదురుచూడటం మీకు విసుగ్గా ఉంటే అప్పుడు మార్చండి. చేతులు ఊరుకోనివాళ్ళకి డ్యూయల్ బ్లేడ్స్ (జంట కత్తులు), స్వార్డ్ అండ్ షీల్డ్ సరిపోతాయి.

సమస్య: "పోషన్ తాగేలోపే చచ్చిపోతున్నా."

ఒక క్వెస్ట్‌లో మూడుసార్లు పడిపోతే ఆట అయిపోయినట్టే. కుర్రాళ్ళ భాషలో మూడు కార్ట్‌లు.

కారణం: ఆయుధం చేతిలో ఉండగా పోషన్ (ప్రాణం నింపే మందు) తాగాలంటే ముందు దాన్ని వీపున పెట్టాలి. బరువైన ఆయుధాలకి ఆ పెట్టడమే ఆలస్యం. ప్రాణం మీదకి వచ్చాక, మృగానికి ఎదురుగా నిలబడి ఆ పని మొదలుపెడితే అది ఊరుకోదు.

పరిష్కారం: మొదటి మార్గం, దెబ్బ తిని లేవగానే తాగాలనే ఆత్రం మానడం. ముందు దూరం వెళ్ళండి, లేదా వేరే ఏరియాలోకి దాటేయండి. తాగుతూ నడవొచ్చు కూడా. రెండో మార్గం, స్వార్డ్ అండ్ షీల్డ్. కత్తి చేతిలో ఉండగానే వస్తువులు వాడుకునే వెసులుబాటు ఈ ఆయుధానికే ఉంది. ఆర్‌టీ నొక్కి డాలు ఎత్తి, అలాగే ఎక్స్ నొక్కితే చాలు. కొత్తగా వచ్చి "ఏది తీసుకోను" అని నన్ను అడిగిన ప్రతి తమ్ముడికీ ముందు దీన్నే చేతిలో పెడతాను.

మూడో మార్గం లాన్స్, అంటే పెద్ద డాలుతో వచ్చే ఈటె. దెబ్బ తప్పించుకోవడం చేతకాక పడిపోతున్నవాళ్ళు డాలు వెనక నిలబడొచ్చు. ఆర్‌టీ పట్టుకుని బి నొక్కితే, వచ్చిన దెబ్బని ఆపి తిరిగి పొడుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, డాలు ఆపిన ప్రతి దెబ్బకీ స్టామినా పోతుంది. గార్డ్ స్కిల్ ఉన్న కవచం వేసుకుంటే ఆ భారం తగ్గుతుంది. కొన్ని దాడుల్ని గార్డ్ అప్ స్కిల్ లేనిదే డాలు ఆపలేదు.

సమస్య: "కత్తి టంగుమని వెనక్కి తుళ్ళుతోంది, వేట సాగదీసినట్టు ఉంది."

కారణం పదును. కత్తి బొమ్మ కింద రంగుల గీత కనిపిస్తుంది కదా, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు అని మెరుగవుతూ పోతుంది. పసుపుని 1 అనుకుంటే ఆకుపచ్చలో దెబ్బ 1.05 రెట్లు, నీలంలో 1.2, ఎరుపులో సగం. కత్తి మార్చకుండానే బలం సగానికి పడిపోయిందన్నమాట. పైగా పదును తగ్గేకొద్దీ గట్టి చోట్ల కత్తి దిగక వెనక్కి తుళ్ళుతుంది. బర్రోత్ అనే మృగం తల మీద కొట్టి చూడండి, వెంటనే అర్థమవుతుంది.

పరిష్కారం: మృగం ఏరియా మారిన ప్రతిసారీ వెట్‌స్టోన్ (సానరాయి)తో నూరుకోండి. వరల్డ్‌లో వెట్‌స్టోన్ అయిపోదు, పొదుపు చేయాల్సిన పనే లేదు. డ్యూయల్ బ్లేడ్స్ లాంటివి ఎక్కువ దెబ్బలు వేస్తాయి కాబట్టి పదునూ త్వరగా పోతుంది. గన్‌లాన్స్ (పేలుడు వదిలే ఈటె)తో గట్టి చోట పేలుడు వాడితే నష్టమేమీ లేదు, ఆ దెబ్బ మృగం చర్మం గట్టిదనాన్ని లెక్కచేయదు. పదును మాత్రం చకచకా తినేస్తుంది.

సమస్య: "లాంగ్ స్వార్డ్ తేలిక అన్నారు, నా గేజ్ ఎప్పుడూ ఎర్రబడదు."

కారణం: గేజ్ అంటే లాంగ్ స్వార్డ్ బలాన్ని తెర మీద చూపే గీత. అది నిండటం వేరు, దాని రంగు మారడం వేరు. మామూలు దెబ్బలతో గేజ్ నిండుతుంది. రంగు తెలుపు, పసుపు, ఎరుపుగా పెరగాలంటే ఆర్‌టీ వరసలో చివరన వచ్చే చుట్టు వేటు మృగానికి తగలాలి. చాలామంది ఆ వరస మధ్యలోనే భయపడి దొర్లిపోతారు, లేదా మృగం కదిలిపోయాక చుట్టు వేటు గాలిలో వేస్తారు.

పరిష్కారం: మృగం కింద పడినప్పుడే వరస మొత్తం వేయండి. అది నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఫోర్‌సైట్ స్లాష్ నేర్చుకోండి. ఒక దెబ్బ వేసిన వెంటనే ఆర్‌టీ, బి కలిపి నొక్కితే వేటగాడు వెనక్కి జారి కోస్తాడు. మృగం దెబ్బ సరిగ్గా అప్పుడే వస్తే తగలదు, గేజ్ నిండిపోతుంది, అక్కడి నుంచి నేరుగా చుట్టు వేటుకి వెళ్ళొచ్చు. దీనికి ముందు ఒక దెబ్బ తప్పనిసరి. ఖాళీగా నిలబడి నొక్కి "పనిచెయ్యట్లేదు" అంటే ఎలా పనిచేస్తుంది?

ఇక చిన్నచిన్నవి గబగబా చూద్దాం.

డ్యూయల్ బ్లేడ్స్‌తో ఊరికే ఆయాసపడిపోతున్నారంటే డీమన్ మోడ్ (దెబ్బల జోరు పెంచే స్థితి) ఆపకుండా ఉంచుతున్నారని అర్థం. అది ఉన్నంతసేపూ స్టామినా కారిపోతుంది. కొట్టే అవకాశం వచ్చినప్పుడే వేసి, పక్కకి జరగగానే తీసేయండి. మారథాన్ రన్నర్ స్కిల్ సాయపడుతుంది. బో (విల్లు)తో అదే తిప్పలైతే కాన్‌స్టిట్యూషన్ స్కిల్ చూడండి. స్టామినా గీతే పొట్టిగా అయిపోతే మాత్రం మాంసం తినలేదని అర్థం, ఆయుధం తప్పేమీ లేదు.

పురుగుతో కలిపి వాడే ఇన్‌సెక్ట్ గ్లేవ్‌తో వేట నలభై నిమిషాలు పడుతోందంటే, మీరు గాలిలోనే ఉంటున్నారు. ఎగరడం సరదాగానే ఉంటుంది, కానీ అసలు దెబ్బలు నేల మీదివే. ముందు పురుగుని పంపి మృగం ఒంటి నుంచి ఎరుపు, తెలుపు, నారింజ రసాలు మూడూ తెచ్చుకోండి, తర్వాత నేల మీద కొట్టండి.

కత్తి నుంచి గొడ్డలిగా మారే చార్జ్ బ్లేడ్‌లో పెద్ద పేలుడు రావట్లేదంటే ఫయల్స్ (బలం దాచుకునే సీసాలు) నింపలేదు. కత్తితో కొట్టి, గేజ్ పసుపో ఎరుపో అవగానే ఆర్‌టీ, బి నొక్కి నింపుకోవాలి. ఎర్రగా ఉన్నా నింపకుండా కొడుతూ పోతే కత్తి తుళ్ళడం మొదలవుతుంది. ఇది మొదటి ఆయుధంగా నేను ఎవరికీ చెప్పను.

తోక తెగట్లేదని హ్యామర్ వాళ్ళు అడుగుతుంటారు. కోసే ఆయుధమే తోకని తెంచగలదు. హ్యామర్, హంటింగ్ హార్న్ పని తల మీద మోది మృగం కళ్ళు తిరిగి పడేలా చేయడం.

సమస్య: "చూసి సరిగ్గానే నొక్కుతున్నా, అయినా ఆలస్యంగా పడుతోంది."

ఇది ఆయుధం సంగతి కాకపోవచ్చు. పీజీ హాల్లో టీవీకి లాప్‌టాప్ తగిలించి ఆడేవాళ్ళు ముందు టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ వేయండి. అది లేకపోతే బొమ్మని మెరుగులు దిద్దే పనిలో టీవీ ఆలస్యం చేస్తుంది, ఫోర్‌సైట్ స్లాష్ లాంటివి ఎప్పటికీ కుదరవు. చార్జర్ తీసేసి ఆడితే లాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది, అదీ చూసుకోండి. కీబోర్డు మీద ఇబ్బందైతే ఎస్పీ రోడ్డులో ఒక వైరు కంట్రోలర్ కొనుక్కోండి. కొత్త కత్తి కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.

సమస్య: "ఫ్రెండ్స్‌తో ఆడితే అందరూ నన్నే తిడుతున్నారు."

కారణం: మీ దెబ్బ వాళ్ళ ప్రాణం తీయదు కానీ తూలేలా చేస్తుంది. లాంగ్ స్వార్డ్ ఊపు పెద్దది, పక్కవాడి కాంబో చెడిపోతుంది. హ్యామర్ కింద నుంచి పైకి కొట్టే దెబ్బ, గన్‌లాన్స్ పేలుడు మనిషిని గాలిలోకే ఎగరేస్తాయి.

పరిష్కారం: చోటు పంచుకోండి. హ్యామర్ పట్టినవాడికి తల వదిలేయాలి, కత్తుల వాళ్ళు తోక వైపు, కాళ్ళ వైపు వెళ్ళాలి. అందరూ కవచంలో ఒక్క ఫ్లించ్ ఫ్రీ డెకరేషన్ (స్కిల్ ఇచ్చే రత్నం) పెట్టుకుంటే తూలడం ఆగుతుంది. మూడు కార్ట్‌లు జట్టు మొత్తానికీ కలిపే కాబట్టి, ఒంటరిగా ఇంకా పడిపోతున్న ఆయుధాన్ని నలుగురిలోకి తీసుకెళ్ళకండి.

సమస్య: "అన్నీ చదివాను, అయినా ఏది నాదో తెలియడం లేదు."

అన్ని రకాల మొదటి ఆయుధాలూ మీ పెట్టెలో ఆట మొదట్లోనే ఉంటాయి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. వేటగాళ్ళ స్థావరమైన ఆస్టెరాలో మీ గదిలో ఉన్న పిల్లితో మాట్లాడి ట్రైనింగ్ ఏరియాకి వెళ్ళండి, తెర మీద ఏ బటన్‌కి ఏ వేటో రాసి ఉంటుంది. అక్కడ చేతికి నచ్చిన రెండింటిని పక్కన పెట్టండి. అక్కడ సాధనకి పెట్టిన స్తంభం తిరిగి కొట్టదు కాబట్టి అక్కడే నిర్ణయం తీసుకోవద్దు. ఆ రెండింటితో ఒకే మృగాన్ని, అంటే గ్రేట్ జాగ్రస్‌నే, మూడేసి సార్లు వేటాడండి. వేట మధ్యలో అనుమానం వస్తే క్యాంపు గుడారంలోకి వెళ్ళి ఆయుధం మార్చుకోవచ్చు. ఏ ఆయుధంతో ఉన్నప్పుడు మీ చూపు గేజ్ మీద నుంచి మృగం మీదకి మళ్ళుతుందో అదే తీసుకోండి. అది తేలేదాకా కవచాల మీద ఖర్చు పెట్టండి, ఆయుధం ఏదైనా కవచం పనికొస్తుంది. ఇనుప ఖనిజాన్ని మాత్రం ఎంచుకున్న కత్తి కోసం దాచుకోండి.