విండోస్ 10 నుంచి 11కు మారే ముందు

విశాఖపట్నంలో పాత కంప్యూటర్‌లో విండోస్ 11 వేయించుకోవడానికి ద్వారకానగర్ దుకాణాలకు బయలుదేరేవారు, ముందుగా ఇంట్లోనే కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుందో లేదో చెప్పే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రామ్ పీసీ హెల్త్ చెక్‌ను నడిపి చూసుకోవడం మంచిది. విండోస్ 11కు అవసరమైన భద్రతా సదుపాయం టీపీఎం 2.0 లేదని అది చూపినంత మాత్రాన కొత్త యంత్రం కొననక్కరలేదు. చాలా కంప్యూటర్లలో ఆ సదుపాయం ఉండి కూడా బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులలో ఆపివేసి ఉంటుంది కనుక, ఇంటెల్ వాటిలో పీటీటీ అనీ, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అనీ కనిపించే అంశాన్ని ఆన్ చేసి మళ్లీ పరీక్షించాలి. ప్రాసెసరే పాతదైతే మాత్రం బలవంతంగా ఎక్కించడం నాకు సమ్మతం కాదు. విండోస్ 10కు మామూలు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి కాబట్టి, అటువంటి యంత్రంలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడమో, దానిని బ్యాంకు పనులకు వాడకపోవడమో మేలు. 4 జీబీ ర్యామ్ చాలునని నిబంధన ఉన్నా, నా దృష్టిలో 8 జీబీ కనీసం.