వరద గీత కడిగేయకండి: ఇంటి లోపలి నష్టం లెక్క

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు దిగాక విజయవాడ సింగ్‌నగర్‌లో మేమంతా మొదట చేసిన పని ఇల్లు కడగడం. బురదతో పాటు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో చెప్పే గీత కూడా పోయింది. తర్వాత నష్టం రాయమంటే చేత్తో చూపించడమే మిగిలింది. అందుకే మెయిన్ స్విచ్ ఆపి, చీపురు పట్టేముందు ప్రతి గదిలో గీత దగ్గర టేపు ఆనించి ఫొటో తీయండి. బీమా ఉంటే సర్వేయర్ చూసేదాకా పాడైన సామాను పారేయకండి.

కిటికీ మూలల్లో చెమ్మ, మిగతా గోడ పొడి
ఇది వరద కాదు, గాలివాన. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుఫానులో వాన అడ్డంగా కొడుతుంది, ఫ్రేముకీ గోడకీ మధ్య సందులోంచి లోపలికొస్తుంది. ఎండాక ఆ సందు సిలికాన్‌తో మూయించండి. ఖర్చు ఆ గోడ వరకే.

ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలు
లీకు సరిగ్గా అక్కడే ఉందనుకోవద్దు. స్లాబులో ఎక్కడో దిగిన నీళ్లు కరెంటు పైపు వెంట పాకి ఫ్యాను దగ్గర బయటపడతాయి. ముందు డాబా ఎక్కి, నీళ్లు పోయే గొట్టానికి ఆకులు అడ్డుపడ్డాయేమో చూడండి. పగుళ్లు ఆ తర్వాత. ఫాల్స్ సీలింగ్ పొట్టలా కిందికి దిగితే ఆ కింద ఎవరినీ నిలబడనివ్వకండి. ఆ బోర్డు మార్చాల్సిందే.

గీతకు పైన కూడా చెమ్మ, తెల్లటి పొడి
అందరూ తక్కువ రాసేది ఇక్కడే. ఇటుక నీళ్లు పీల్చి పైకి ఎక్కిస్తుంది. గోడ ఆరేకొద్దీ అందులోని ఉప్పు బయటికొచ్చి పుట్టీని పెచ్చులుగా ఊడదోస్తుంది. గీత 3 అడుగుల దగ్గరుండి చెమ్మ 4.5 అడుగులు ఎక్కితే, 12 అడుగుల గోడకు నష్టం 36 చదరపు అడుగులు కాదు, 54. అందుకే లెక్క రెండుసార్లు వేయండి: నీళ్లు దిగిన రోజు ఒకసారి, మూడు వారాలకు మరోసారి. ఉబ్బిన పుట్టీ గీకేసి, పొడిని పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్లు పోస్తే ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. పండగ వస్తోందని రంగు మాత్రం వేయకండి, ఆ టెన్షన్ నాకూ తెలుసు. అడుగు పొడవు, అడుగు వెడల్పున్న ప్లాస్టిక్ కవరు గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. గోడ వైపు చెమటలా బిందువులు పడితే అది ఇంకా ఆరలేదు.

కబోర్డు తలుపు పట్టేస్తోంది
అన్నిటికంటే కిందున్న చెక్క అంచు చూడండి. ప్లైవుడ్ పొరలు విడిపోతే, ఎండీఎఫ్ (చెక్క పీచును అతికించి నొక్కి చేసే బోర్డు) ఉబ్బితే మళ్లీ మామూలుకు రావు. బాగానే కనిపించినా ముందుకు జరిపి వెనక చెక్క చూడండి, బూజు అక్కడే మొదలవుతుంది.

స్విచ్‌బోర్డు గీతకు కింద ఉంటే ఆరింది కదా అని వాడకండి. ఎలక్ట్రీషియన్ విప్పి చూశాకే మెయిన్ వేయండి.