కుంగిపోయిన రోజున ముందు అన్నం తినండి, తర్వాత ప్రార్థన

మోకాళ్లూనినా నోట మాట రాని రోజులుంటాయి. అలాంటప్పుడు నాకు విశ్వాసం లేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా, బైబిల్లో రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి చంపిస్తానని కబురు పంపేసరికి బెయేర్షెబా దాకా పారిపోయి, సేవకుణ్ణి అక్కడే వదిలేసి, అరణ్యంలో ఒక రోజంతా నడిచి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. అంతటి ప్రవక్తే అలా అంటే మనమెంత చెప్పండి.

దేవుడు కోప్పడలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినమన్నాడు, ముందు చాలా దూరం నడవాలని. నా ఉద్యోగం పోయిన రోజుల్లో ఉపవాసం అని చెప్పుకుంటూ తిండి మానేసి కూర్చుంటే, మా అమ్మ ఏమీ అడక్కుండా పెరుగన్నం కలిపి, కంచం అంచున మాగాయ ముక్క వేసి చేతిలో పెట్టింది. ఆ రాత్రి ప్రార్థన రాలేదు గానీ నిద్ర పట్టింది, అది దేవుని కనికరమేనని ఇప్పటికీ నమ్ముతాను.

తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. ఆ నడక ముగిసిన హోరేబు కొండ గుహ దగ్గర, ఇక్కడేం చేస్తున్నావని దేవుడు రెండుసార్లు అడిగితే ఏలీయా రెండుసార్లూ అదే గోడు వెళ్లబోసుకున్నాడు, నేనొక్కణ్ణే మిగిలానని. దేవుడు విసుక్కోలేదు. మీరూ మంచి మాటల కోసం వెతుక్కోకండి, ఏడుపొస్తే ఏడవండి, నోట రాకపోతే నోట్‌బుక్‌లో రాయండి. ఆ తర్వాత ఫోన్ పక్క గదిలో పెట్టి పది నిమిషాలు ఊరికే కూర్చోండి. పెనుగాలిలో, భూకంపంలో, అగ్నిలో కాదు, అవన్నీ అయిపోయాక నిమ్మళమైన స్వరంలో కదా ఆయన మాట్లాడింది! వాగ్దానాల వీడియోలు ఒకదాని వెనక ఒకటి చూస్తూ పోతే ఈ నిశ్శబ్దం దొరకదు.

దారి మొత్తం ఇప్పుడే చూపించమని పట్టుబట్టొద్దు. ఏలీయాకు దొరికింది చేయాల్సిన పని, వెళ్లాల్సిన దిక్కు, అభిషేకించాల్సిన ముగ్గురి పేర్లు. బయలు అనే అన్యదేవతకు మోకాలు వంచనివాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారన్న మాట కూడా. కాబట్టి రేపు చేయగలిగిన ఒక్క పని అడగండి, సంఘంలో మీకు నమ్మకమున్న ఒక్కరికి ఫోన్ చేయండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టర్ని కలవండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చు. మందులు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు, ఆ రొట్టె పంపిందీ దేవుడే.

హోరేబు నుంచి బయల్దేరిన ఏలీయాకు, ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీషా పొలం దున్నుతూ కనిపించాడు, ముందు పదకొండు అరకలు, పన్నెండోది తనది. తన వెంట రమ్మన్న గుర్తుగా ఏలీయా తన దుప్పటి అతని మీద వేశాడు. ఒక్కణ్ణే మిగిలానన్న మనిషి వెంట ఎలీషా నడిచాడు.