కటింగ్ మెషీన్‌తో కాగితం మోడల్స్: తెల్ల అంచు కనపడకుండా చేసే పద్ధతి

ఈ పనిలో విసుగొచ్చేది కిటికీల దగ్గరే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలకి బల్ల మీద పెట్టుకునే కాగితం ఇళ్ళు చేసే ఎవరినైనా అడగండి. మడతలూ జిగురూ అందరికీ ఇష్టమే, కానీ ఒక్క రెండంతస్తుల సత్రానికి ఇరవై కిటికీలుంటే ఎనభై మూలలు, ఒక్కో మూల దగ్గర కట్టర్ ఆపి కాగితం తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి, పన్నెండో కిటికీకి వచ్చేసరికి చెయ్యి అలిసిపోయి గీత దాటేస్తుంది. నేను కటింగ్ మెషీన్ కొన్నది అందుకే.

చూడ్డానికి ప్రింటర్ లాగే ఉంటుంది, లోపల ఇంకు బదులు తిరిగే మొనతో చిన్న బ్లేడు ఉంటుంది. స్టిక్కర్లు, కేకు మీద గుచ్చే పేర్లు, పుట్టినరోజు డెకరేషన్లు చేసేవాళ్ళ దగ్గర చూసే ఉంటారు. నా దగ్గరున్నది సిల్హౌట్ కామియో 3, 12 అంగుళాల వెడల్పు వరకు కోస్తుంది. అంత అక్కర్లేకపోతే 8 అంగుళాల పోర్ట్రెయిట్ ఉంది. క్రికట్, బ్రదర్ కంపెనీలవీ దొరుకుతాయి. కింద చెప్పే అంకెలు కామియోవి, పద్ధతి మాత్రం దేనికైనా ఒకటే.

ముందే ఒక సంగతి తెలుసుకుంటే చాలా కాగితం మిగులుతుంది. ప్రింటైన గీత మీద బ్లేడు అచ్చంగా పడటం అనేది జరగదు. అర మిల్లీమీటరు అటో ఇటో పోతుంది. ఆ అర మిల్లీమీటరే రాతిగోడ పక్కన తెల్లటి దారంలా కనపడి మోడల్ అందాన్నంతా చెడగొడుతుంది. నెల రోజులపాటు నేను ఆ తేడాని సున్నా చేద్దామని తంటాలు పడ్డాను. తేడా వచ్చినా కంటికి కనపడకుండా బొమ్మనే ముందుగా సిద్ధం చేసుకోవాలని ఆ తర్వాతే అర్థమైంది. అందుకే ఇందులో సగం పని మెషీన్ ఆన్ చేయకముందే అయిపోతుంది.

కాగితం, సైజు

గోడలకి 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అంకె పెరిగేకొద్దీ మందం) కార్డు, ఆటలో నిలబెట్టే మనుషుల బొమ్మలకీ మెట్లు, పీపాల్లాంటి చిన్న ముక్కలకీ 160 సరిపోతుంది. 250 దాటితే గట్టిగా ఉంటుంది కానీ మడిచిన చోట పొర లేచి పగులుతుంది, కాబట్టి ఆశపడకండి. మెరిసే ఫోటో పేపర్ అస్సలు వద్దు, దాని మెరుపుకి మెషీన్ సెన్సర్ పేజీ మూలల్లో ప్రింటయ్యే గుర్తుల్ని (వాటి సంగతి కింద చెప్తాను) చదవలేదు. మ్యాట్, అంటే మెరుపు లేని కార్డే తీసుకోండి. లేజర్ ప్రింట్ తడికి కరగదు కానీ మడతల దగ్గర టోనర్ రాలుతుంది. ఇంక్‌జెట్ ప్రింట్ మడతకి బాగుంటుంది కానీ చేతి చెమట తగిలినా రంగు అంటుకుంటుంది. నేను ఇంక్‌జెట్ ప్రింట్ తీసి ఒక రాత్రి ఆరనిచ్చి, మ్యాట్ క్లియర్ స్ప్రే పల్చగా ఒక కోటు కొడతాను, మూడు మూలల గుర్తుల మీద మాత్రం చిన్న కాగితం ముక్కలు అడ్డం పెట్టి.

ఇక సైజు. ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. అమ్మకానికి ఉన్న మోడల్స్ చాలావరకు అమెరికా వాళ్ళు తయారుచేసినవి, వాటి పేజీ లెటర్ సైజు, అంటే 216 × 279 మిల్లీమీటర్లు. మన ఏ4 210 × 297. దగ్గర్లోని ఒక డీటీపీ షాపులో ఇచ్చి ప్రింట్ తీయించుకొస్తే వాళ్ళు మామూలుగా చేసినట్టే పేజీకి సరిపోయేలా కుదించి ఇచ్చారు. ఈ ఆటలో నేల మీద ఒక్కో గడి ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు, ఆటలో అది 5 అడుగులకి లెక్క. కుదించేసరికి గడి 24.7కి వచ్చింది. ఒక్క గడిలో అది తెలియదు, పది గడుల పొడవు గది చేశాక పాత ముక్కల పక్కన పెడితే 7 మిల్లీమీటర్లు తగ్గిపోయింది. నాలుగు షీట్లు వృథా. ప్రింట్ తీసేటప్పుడు "యాక్చువల్ సైజ్" లేదా 100 శాతం అని ఉందో లేదో మీ కళ్ళతో చూడండి, మొదటి షీట్ రాగానే స్కేలు పెట్టి కొలవండి.

బొమ్మని సిద్ధం చేయడం

మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ సిల్హౌట్ స్టూడియో. దాని ఉచిత వెర్షన్ పీడీఎఫ్‌ని తెరవదు, డబ్బు కట్టిన వెర్షన్ కావాలి. పీఎన్జీ (బొమ్మల ఫైల్), డీఎక్స్ఎఫ్ (గీతల ఫైల్) మాత్రం ఉచితంగానే తెరుస్తుంది, మనకి ఆ రెండూ చాలు. మధ్యలో పని చేయడానికి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ వాడండి, అది పూర్తిగా ఉచితం.

మోడల్ పీడీఎఫ్‌ని ఇంక్‌స్కేప్‌లో తెరిచి, ఒక్కో ముక్క చుట్టూ గీతల టూల్‌తో మీరే గీయండి. ఆటోమేటిక్ ట్రేస్ నొక్కాలనిపిస్తుంది, నొక్కకండి. నాలుగు మూలల గోడకి అది వందల చుక్కలు పెడుతుంది, బ్లేడు వాటన్నిటి దగ్గరా ఆగుతూ వణుకుతూ పోయి అంచుని రంపంలా చేస్తుంది. గోడకి కావాల్సింది నాలుగు మూలలూ, జిగురు రెక్కలకి (పక్క ముక్కకి అంటించడానికి మడిచే పట్టీలకి) ఇంకో నాలుగైదు. చేత్తో గీస్తే పది నిమిషాలు పడుతుంది, ఆ ఫైల్ మాత్రం ఎప్పటికీ పనికొస్తుంది. బొమ్మ అంచున నల్ల గీత ఉంటే మీ గీత దానికి అర మిల్లీమీటరు లోపలగా పోనివ్వండి, లేకపోతే ఒక పక్క నలుపు ఉండి ఇంకో పక్క ఉండదు, అప్పుడు వంకర ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు తెల్ల అంచు సంగతి. మీరు గీసిన ఆకారానికి రెండు కాపీలు తీయండి. మొదటి కాపీతో బొమ్మని క్లిప్ చేయండి, దాంతో గోడ బొమ్మ ఒక్కటే మిగిలి చుట్టూ ఉన్న తెలుపు పోతుంది. రెండో కాపీకి 4 మిల్లీమీటర్ల మందం గీత ఇచ్చి, ఆ గీతకి గోడ రంగే, అంటే రాతిగోడైతే ఆ బూడిదరంగు, పెంకులైతే ఆ ఎరుపు, బొమ్మలోంచి రంగు తీసే పిక్ టూల్‌తో తీసి పూసి, బొమ్మ వెనక్కి పంపండి. గీతలో సగం లోపలికి పోతుంది, 2 మిల్లీమీటర్లు చుట్టూ బయటికి కనపడుతుంది. ఇప్పుడు బ్లేడు ఎటు జరిగినా దాని కింద గోడ రంగే ఉంటుంది, తెలుపు ఉండదు. జిగురు రెక్కలున్న వైపు కూడా ఈ రంగు మడత దాటి 2 మిల్లీమీటర్లు లోపలికి రావాలి, మూల కలిసిన చోట కనపడేది అదే. మిగతా రెక్కని ఖాళీగా వదిలేయండి, ఇంకు లేని కాగితానికి జిగురు బాగా పడుతుంది. రెక్క 7 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు చివర్లా ఏటవాలు కోత ఉంటే లోపల ఒకదానికొకటి తగలవు.

కిటికీల దగ్గర ఇదే పని తిరగేసి చేయాలి, రంగు కిటికీ కన్నంలోకి రావాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

అన్నీ అయ్యాక బొమ్మలు మాత్రమే ఉన్న పేజీని 300 డీపీఐలో పీఎన్జీగా ఎగుమతి చేయండి, ఏ4 అయితే 2480 × 3508 పిక్సెల్స్ రావాలి. గీతలు మాత్రమే ఉన్న దాన్ని "డెస్క్‌టాప్ కటింగ్ ప్లాటర్" డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేయండి. రెండూ స్టూడియోలోకి తెచ్చి ఒక మూల కలపండి, తర్వాత దానికి ఎదురు మూల చూడండి. అదీ కలిస్తే సైజు సరిగ్గా ఉన్నట్టు, కలవకపోతే పీఎన్జీ వెడల్పు 210 మిల్లీమీటర్లకి మార్చండి.

గుర్తులు, ప్రింట్, కోత

స్టూడియోలో రిజిస్ట్రేషన్ మార్కులు ఆన్ చేస్తే పేజీ మీద ఒక మూల నల్ల చదరం, మరో రెండు మూలల్లో ఎల్ ఆకారం గీతలు వస్తాయి. మెషీన్‌లో ఉన్న సెన్సర్ ఆ మూడింటినీ వెతికి కాగితం ఎంత వంకరగా అతికిందో లెక్కేసుకుంటుంది. గుర్తుల పక్కన గళ్ళుగా చూపించే చోట ఏదీ పెట్టకూడదు, కాబట్టి పీడీఎఫ్‌లో ఒక పేజీలో ఉన్నవన్నీ ఇక్కడ ఒక పేజీలో పట్టకపోవచ్చు, ముక్కల్ని విడదీసి సర్దుకోండి. ప్రింట్ స్టూడియో నుంచే ఇవ్వాలి. బయట ప్రింట్ తీయించాలంటే ప్రింటర్‌గా పీడీఎఫ్‌ని ఎంచుకుని ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి.

ప్రింటైన షీట్‌ని జిగురు మ్యాట్ (కోసేటప్పుడు కాగితాన్ని అంటించి ఉంచే పలక) మీద గడులకి తిన్నగా పెట్టి, మధ్యలోంచి అంచులకి అరచేత్తో రుద్దండి. కొత్త మ్యాట్ జిగురు మరీ ఎక్కువగా ఉంటుంది, ఒకసారి కాటన్ బట్ట దాని మీద ఒత్తి తీస్తే సరిపోతుంది. కిటికీ పక్కన ఎండలో మెషీన్ పెట్టకండి, ఎండ వెలుగు సెన్సర్ మీద పడితే గుర్తులు దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. ఇంట్లో నేను చేసేదల్లా కర్టెన్ వేయడం, అప్పుడు ఒకటో ప్రయత్నంలోనే దొరుకుతాయి.

గీతలకి మూడు రంగులివ్వండి: మడతలు నీలం, కిటికీలు ఆకుపచ్చ, బయటి అంచు ఎరుపు. కోత కూడా అదే వరసలో జరగాలి. బయటి అంచు ముందు కోసేస్తే ముక్క మ్యాట్ మీద కాస్త వదులవుతుంది, ఆ తర్వాత కిటికీ కోస్తుంటే ముక్కే జరిగిపోతుంది. స్టూడియోలో కోతకి పంపే చోట "లైన్" ట్యాబ్‌లో రంగుల్ని పైకీ కిందికీ లాగి వరస మార్చుకోవచ్చు, ఒక్కో రంగుకి ఒక్కో ఫోర్స్ (బ్లేడు ఎంత గట్టిగా నొక్కాలో చెప్పే అంకె) కూడా ఇవ్వొచ్చు.

నా 200 జీఎస్ఎం కార్డుకి బ్లేడు లోతు 3, ఫోర్స్ 25, వేగం 4. బ్లేడు లోతు 1 నుంచి 10 వరకు, ఫోర్స్ 33 వరకు ఉంటాయి. మడతలకి బ్లేడు లోతు మార్చను, ఫోర్స్ ఒక్కటే 9కి తగ్గిస్తాను, కార్డు పైపొర మాత్రం తెగి మిగతాది నిలుస్తుంది. చుక్కల కోత పెట్టేవాళ్ళూ ఉన్నారు, నాకు నచ్చదు, మడిచాక అంచంతా పళ్ళు పళ్ళుగా కనపడుతుంది. ఈ పైకోత బయటికి మడిచే చోట్లకే. లోపలికి మడవాల్సినవి ఉంటే గీత రెండు చివర్లా గుండుసూదితో పొడిచి, కాగితం తిప్పి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్టీల్ స్కేలు పట్టుకుని వెనకనుంచి గట్టిగా గీయండి.

మీ అంకెలు మీ బ్లేడు అరుగుదలని బట్టి వేరుగా ఉంటాయి, కాబట్టి ప్రతి కొత్త కాగితం కట్టకీ ఒక మూలన సెంటీమీటరు చదరం కోసి చూడండి. చదరం చక్కగా ఊడొచ్చి మ్యాట్ మీద సన్నటి గీత మాత్రమే పడితే సరిపోయింది. మ్యాట్‌లోకి గాటు దిగితే ఫోర్స్ ఎక్కువైంది. మూలలు చిరిగినట్టు వస్తుంటే ఫోర్స్ పెంచకండి, ముందు బ్లేడు మూత విప్పి ఊదండి, లోపల కాగితం నూగు ఇరుక్కుని ఉంటుంది. నాకు పదిసార్లలో ఎనిమిదిసార్లు కారణం అదే.

కోసిన తర్వాత

కాగితాన్ని మ్యాట్ మీంచి పీకితే చుట్టలా ముడుచుకుపోయి గోడలు వంగుతాయి. మ్యాట్‌ని బోర్లా తిప్పి, కాగితాన్ని బల్లకి ఆనించి పట్టుకుని, మ్యాట్‌నే వంచుతూ పైకి లాగండి. కాగితం బల్ల మీద తిన్నగా ఉండిపోతుంది, కిటికీ ముక్కలు మ్యాట్‌కే అతుక్కుని ఉంటాయి. ఇది ఒక్కటి నేర్చుకున్నాక నా గోడలు నిటారుగా నిలబడటం మొదలుపెట్టాయి.

రంగు అంచు దాటించి పూసినా (దీన్నే బ్లీడ్ అంటారు) కాగితం మందం తెల్లగానే ఉంటుంది కదా, మడతల్లోనూ అంచుల్లోనూ. అంటించే ముందే స్కెచ్ పెన్ను పక్కకి వాల్చి అంచు పొడవునా లాగండి. నలుపు వాడితే బొమ్మ గీసినట్టు ఉంటుంది, గోడ రంగు కన్నా కాస్త ముదురు బూడిదో గోధుమో తీసుకోండి. పైకోత పెట్టిన మడతల్ని మడిచి, ఆ తెల్ల గీత మీద ఒకసారి పోనివ్వండి.

జిగురు మామూలు ఫెవికాల్ చాలు, కానీ ట్యూబ్‌లోంచి నేరుగా కాకుండా మూతలో కొంచెం పోసుకుని అగ్గిపుల్లతో పల్చగా రాయాలి. ఎక్కువైతే కార్డు తడిసి ఉబ్బుతుంది. ఒక్కో రెక్కనీ ముప్పై లెక్కపెట్టేదాకా వేళ్ళతో పట్టుకోండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, వానాకాలం అయితే ఎక్కడైనా, కార్డు గాలిలో తేమని పీల్చుకుని మెత్తబడి బ్లేడు కింద పీచు పీచుగా తెగుతుంది, అలాంటప్పుడు కాగితం కట్టని జిప్ కవర్‌లో పెట్టి సరిగ్గా వాడే ముందే తీయండి. కట్టిన మోడల్ లోపల మూలల్లో అట్టముక్కలు త్రికోణంగా అతికిస్తే తేమకి వంగదు.

పైకప్పుని మాత్రం అంటించకండి. ఆటలో ఎవరో ఒకరు తలుపు తీసుకుని సత్రంలోకి వెళ్తారు, అప్పుడు కప్పు ఎత్తి పక్కన పెట్టి లోపల బొమ్మల్ని కదపాలి. కప్పు అడుగున గోడలకి లోపలివైపు ఆనేలా రెండు సన్నటి కార్డు పట్టీలు అతికిస్తే చాలు, గోడలకన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువ పొడవుతో, లేకపోతే తీసిన ప్రతిసారీ గోడ కూడా వెంట వస్తుంది.