వానాకాలంలో నేపాల్ సేవకు వెళ్తున్నవారు వారాంతపు ప్రయాణాల్లో పాటించవలసిన జాగ్రత్తలు

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద కాలిపోయిన తరువాత, రాత్రి ప్రయాణాల గురించి మన నగరంలో కొంతకాలం గట్టిగానే చర్చ జరిగింది. ఆ తరువాత మియాపూర్‌లో, లక్డీకాపూల్‌లో శుక్రవారం రాత్రి బస్సులు మళ్లీ ఎప్పటిలాగే నిండుతున్నాయి. రాత్రి నిద్రలో దారి గడిచిపోతే పగలు కలిసివస్తుందని, గది అద్దె మిగులుతుందని మన యువతకు బలంగా నాటుకుపోయింది. పాఠాలు చెప్పడానికో, వైద్య శిబిరాల్లో పనిచేయడానికో జూన్‌లో నేపాల్ వెళ్తున్నవారు ఈ అలవాటును కూడా వెంట తీసుకుపోతున్నారు. నన్ను కలవరపెడుతున్నది అదే.

కాచిన నీళ్లు, గొడుగు, జలగల సంగతి మీకు చెప్పనక్కరలేదు. నేను చూసినంతలో మనవాళ్లను ఆపదలో పడేసే పొరపాటు ఒక్కటే: సెలవు చివరి సాయంత్రం దాకా పోఖరాలోనో చిత్వన్‌లోనో గడిపి, మర్నాడు ఉదయం పనికి అందుకోవాలని రాత్రి బస్సెక్కడం.

ఖాట్మండు నుంచి పోఖరా సుమారు 200 కిలోమీటర్లు, అంటే మనకు విజయవాడ కన్నా దగ్గర. అయితే ఆ దారిలో చాలా భాగం నది అంచున కొండను తొలిచి వేసినది కాబట్టి, వానల్లో ఏడెనిమిది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. పగలైతే పైనుంచి రాలుతున్న చిన్న రాళ్లను, రోడ్డు మీదికి పారుతున్న బురదనీటిని చూసి డ్రైవరు బండి ఆపగలడు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీదే పడుతుంది, కొండ మీద పడదు. 2024 జులై 12 తెల్లవారుజామున చిత్వన్ వైపు నుంచి వచ్చే నారాయణ్‌ఘాట్-ముగ్లింగ్ రహదారిపై సిమల్‌తాల్ వద్ద కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోగా, ప్రాణాలతో బయటపడినవారు ముగ్గురే. అదే ఏడాది సెప్టెంబరు చివర ధాదింగ్ జిల్లాలోని ఝ్యాప్లే ఖోలా వద్ద దారి మూసుకుపోయి రాత్రంతా నిలిచిపోయిన వాహనాల మీదే కొండ కూలి, 30 మందికి పైగా మరణించారు. ఆగిన బస్సులో ఉన్నాం కదా అని కూడా ధైర్యం చెప్పుకోలేం.

పోఖరాకు ఉత్తరాన కొండల్లో ఉన్న ముక్తినాథ్ వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి కనుక మనవాళ్లకు దాని మీద మక్కువ ఎక్కువ. పోఖరా సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంటే ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటుతుంది. అక్కడికి జీపులో ఒక్క రోజులో ఎక్కితే తలనొప్పి, వాంతులు రావడం సహజం. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగవలసిందే. పైగా వానల్లో ఆ దారి తరచు తెగిపోతుంది, పోయిన రోజును పూడ్చుకోవడానికి మళ్లీ రాత్రి బస్సే ఎక్కుతారు. ఈ యాత్రను వారాంతంలో పెట్టుకోకండి.

ఖాట్మండులో ఉండేవారు నగర్‌కోట్, ధూలిఖేల్ వంటి దగ్గరి చోట్లతో సరిపెట్టుకోండి. దూరం వెళ్తే తిరుగు ప్రయాణానికి ఉదయం తొలి బస్సే ఎక్కండి. దారి మూసుకుపోతే ఒక రోజు ఆలస్యమవుతుందని మీ సమన్వయకర్తకు బయలుదేరే ముందే చెప్పి ఒప్పించుకోండి. ఆ మాట ముందే అనుకోకపోవడం వల్లనే చాలామంది మొహమాటపడి రాత్రి బస్సెక్కుతున్నారు. చీకటి పడేలోగా చేరలేమని తెలిస్తే ముగ్లింగ్‌లోనో మరో ఊళ్లోనో దిగి గది తీసుకోండి. బస్సు టాపు మీద కూర్చోవద్దు. బస్సు నంబరు ఫొటో తీసి ఇంటికి పంపండి. నేపాల్ సిమ్ తీసుకుని పర్యాటక పోలీసు 1144, పోలీసు 100, అంబులెన్సు 102 నంబర్లను అందులో దాచుకోండి. మీ బీమా ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టరు ఖర్చు ఇస్తుందో లేదో చదవండి. టికెట్టు కొనేసి ఉన్నా, స్నేహితులందరూ ఎక్కుతున్నా, మర్నాడు బడిలో మొదటి పాఠం చెప్పవలసింది మీరే అయినా, రాత్రి బస్సు ఎక్కవద్దు. ఇంట్లో పెద్దలు కూడా ఎప్పుడు చేరతావని తొందరపెట్టకుండా, బస్సు ఎన్ని గంటలకు బయలుదేరుతుందో అడిగి, అది చీకటి ప్రయాణమైతే టికెట్టు రద్దు చేయించండి.