వానాకాలానికి ముందు షియర్ టెస్టుల విషయంలో జాగ్రత్తలు

ఈమధ్య ఒక పంపుల యూనిట్‌లో గ్లాస్ ఫిల్డ్ నైలాన్ (గాజు పీచు కలిపిన ప్లాస్టిక్) బ్రాకెట్ లోడ్ మీద ఉండగా తెగిపోయి, పక్కనున్న ఫిట్టర్ చెయ్యి నలిగింది. ఫైలు తీస్తే రెండు మెటీరియళ్ల షియర్ స్ట్రెంత్ (ఒక భాగం పక్క భాగం మీద జారి తెగకుండా తట్టుకునే బలం) పక్కపక్కనే రాసి ఉంది. ఎక్కువ అంకె ఉన్నదాన్ని కొనేశారు. ఆ అంకె పంచ్ టెస్టుది, రెండోది వి-నాచ్ టెస్టుది. రెండూ మెగాపాస్కల్స్‌లోనే ఉన్నా, వాటిని పోల్చకూడదు.

మెషీన్ కాలిబ్రేషన్ లాంటివి మీకు తెలిసినవే. కొంపలు ముంచేది ఈ పోలికే.

పంచ్ టెస్టు (ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం పద్ధతి డి732) గుండ్రటి పంచ్‌తో పలకను మందం గుండా తెగ్గొడుతుంది. వి-నాచ్ (డి5379) పలక తలంలోనే, రెండు వి ఆకారపు గాట్ల మధ్య షియర్ పుట్టిస్తుంది. మౌల్డింగ్‌లో గ్లాస్ ఫైబర్లు పైపొరల్లో ఎక్కువగా కరిగిన ప్లాస్టిక్ ప్రవాహం వెంట, నడిమి పొరలో అడ్డంగా పడతాయి. కాబట్టి ఎటు తెగ్గొడితే ఆ దిక్కుకు తగ్గ అంకె వస్తుంది. పైగా పంచ్ కింద కొంత వంపు, నొక్కుడు, అంచు రాపిడి కూడా కలిసిపోతాయి. బోల్టు తల గోడను చీల్చుకొచ్చే భయముంటే పంచ్ అంకె చూడండి. రిబ్బులో (బలం కోసం పెట్టే సన్నని గోడలో) తలం వెంట షియర్ పడుతుంటే వి-నాచ్ చూడండి. షియర్ మాడ్యులస్ (షియర్ కింద ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే అంకె) కావాలంటే పంచ్ టెస్టు ఇవ్వదు.

వానల్లో ఇంకో చిక్కుంది. నైలాన్ తేమ పీల్చి మెత్తబడుతుంది. మౌల్డ్ నుంచి తీసి పొడిగా ఉంచిన శాంపిల్‌ని, 23 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర కండిషన్ చేసిన శాంపిల్‌తో పోల్చొద్దు. టాల్క్ ఫిల్డ్ పాలీప్రొపిలీన్‌కి (ఖనిజ పొడి కలిపిన మరో ప్లాస్టిక్) ఈ బెడద లేనట్టే.

శాంపిల్‌ని గేటుకి (అచ్చులోకి ప్లాస్టిక్ దూరే చోటుకి) ఏ దిక్కున కోశారో రాయించండి. మొద్దుబారిన పంచ్ వాడనివ్వొద్దు. లోడ్‌ని పంచ్ చుట్టుకొలత ఇంటూ మందంతో భాగించాలి, పంచ్ ముఖ వైశాల్యంతో కాదు: 25.4 మి.మీ. వ్యాసం పంచ్, 3.2 మి.మీ. పలకకి 255 బదులు 507 చదరపు మి.మీ. పెడితే స్ట్రెంత్ సగానికి పడిపోతుంది. టెస్టు పేరు లేని అంకెని వెనక్కి పంపండి. పంచ్‌ని పంచ్‌తోనే, వి-నాచ్‌ని వి-నాచ్‌తోనే పోల్చండి. సప్లయర్ తొందరపెట్టినా సరే. గాట్లు కోసేటప్పుడు గ్లాస్ దుమ్ముకి మాస్క్ తప్పనిసరి. ముక్కలు ఎగురుతాయి, గార్డు మూయకుండా మెషీన్ ఆన్ చేయొద్దు.